వీడియోలో చూపిస్తే సరిపోతుందా, దవాఖానకే పోవాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్‌ను. మా బిడ్డకు 19 ఏళ్లు, డిగ్రీ చదువుతోంది. మొటిమలు, నల్లమచ్చలు పోతాయని ఎవరో స్నేహితురాలు చెబితే మెడికల్ షాపులో ఒక క్రీమ్ కొని ఎనిమిది నెలలుగా రాస్తోంది. మొదట్లో ముఖం నిగనిగలాడింది. ఇప్పుడు ఒక్కరోజు రాయకపోయినా మంట, ఎరుపు, సన్న పొక్కులు. ఎండలోకి పోతే కాలినట్టు అవుతుందట. ఫోన్‌లో ఒక యాప్‌లో స్కిన్ డాక్టర్ 400 రూపాయలకు వీడియోలో చూస్తారని బిడ్డ అంటోంది. మా ఆయన మాత్రం హైదరాబాద్ పట్నం పోయి చూపిద్దాం అంటారు. ఆయనకూ ఏడాదిగా తొడల దగ్గర తామర, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఒకేసారి అందరం వీడియోలో చూపించుకుంటే సరిపోతుందా? ఫోన్‌లో చూసి రాసే మందులు నిజంగా పనిచేస్తాయా? మా అత్తమ్మకు కూడా ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది, కానీ దురదా లేదు, నొప్పీ లేదు, దానికి తొందరేం లేదు. మొన్న గంజి వారుస్తుంటే గిన్నె తగిలి సరిగ్గా అక్కడే బొబ్బ లేచింది. సాయంత్రం నేను చూసి చెప్పేదాకా ఆమెకే తెలియదు, అంత ఓర్పు గల మనిషి.

సమాధానం:

అమ్మా, మీరు అడిగింది బిడ్డ ముఖం గురించి, మీ ఆయన తామర గురించి. నేను మాత్రం మీ అత్తమ్మ బొబ్బ దగ్గరే ఆగిపోయాను. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మిగతా ఇద్దరి దగ్గరికి వస్తాను.

వేడి గిన్నె తగిలితే ఎంత ఓర్పు గల మనిషైనా చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంటుంది. మనం అనుకుని చేసే పని కాదది, చెయ్యి దానంతటదే చేస్తుంది. బొబ్బ లేచేంత కాలినా సాయంత్రం దాకా తెలియలేదంటే ఆ మచ్చ ఉన్నచోట స్పర్శ తగ్గిందేమో చూడాలి. పాలిపోయిన మచ్చ, దురద లేదు, నొప్పి లేదు, కాలినా తెలియలేదు. ఇవన్నీ ఒకేచోట కనబడితే ఏ చర్మ డాక్టరైనా ముందు కుష్ఠు అవునో కాదో తేల్చుకుంటారు. ఆ పేరు చూసి గుండె జారిపోనియ్యకండి. అదేనని నేను అనడం లేదు, ఉత్తరం చదివి అలా అనకూడదు కూడా. తేల్చుకోవాలంటే మాత్రం మనిషి ఎదురుగా ఉండాలి, ఎందుకో చెబుతాను.

నా దగ్గరికి ఇలాంటి మచ్చతో ఎవరైనా వస్తే కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంటాను. దూది కొసను సన్నగా పేని, మచ్చ మీద ఒకసారి, పక్కన మంచి చర్మం మీద ఒకసారి ఆనిస్తాను. ఎక్కడ తగిలిందో వేలుపెట్టి చూపించమంటాను. మంచి చర్మం మీద ఆనించినప్పుడు వేలు టక్కున అక్కడికే వస్తుంది. మచ్చ మీద ఆనించినప్పుడు కొందరు ఊరికే కూర్చుంటారు, ఇంకా పెట్టలేదేమో అనుకుని. ఆ తర్వాత మోచేయి లోపలి పక్క ఎముక వెనకాల వేలితో తడుముతాను. మోచేయి గోడకు కొట్టుకుంటే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది చూడండి, ఆ నరమే. అది మామూలుగా ఉందా, తాడులా లావెక్కిందా అని రెండు చేతులకూ చూస్తాను. మెడ పక్కన, మోకాలి వెనక కూడా తడమాలి. మొత్తం కలిపి పది నిమిషాల పని. ఇందులో ఒక్కటి కూడా వీడియోలో కుదరదు. ఎంత మంచి ఫోనైనా, ఎంత పెద్ద డాక్టరైనా అంతే.

ఈ దూది పరీక్ష మీరే ఇంట్లో చేసి, ‘తెలుస్తోందిలే’ అని సరిపెట్టుకోకండి. పెద్దవాళ్లు మన మొహం చూసి తెలిసిందనే అంటారు.

ఒకవేళ అదే అయినా మందు ఉంది, పూర్తిగా నయమవుతుంది. సర్కారు దవాఖానల్లో గోలీల ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు. మచ్చలు తక్కువుంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు. 2005 చివరికల్లా మన దేశం ఈ జబ్బును ప్రజారోగ్య సమస్య కాని స్థాయికి తెచ్చినట్టు ప్రకటించుకుంది. అప్పటినుంచి జనం ఇది మొత్తానికే పోయిందనుకుంటున్నారు. ఇప్పటికీ ఏటా లక్షకు అటూఇటూగా కొత్త కేసులు బయటపడుతున్నాయి. ఆలస్యమైతే నరం దెబ్బతిని వేళ్లు వంగిపోతాయి, ఆ నష్టాన్ని మందు వెనక్కి తేలేదు. మీ ఊరి ఆశా కార్యకర్త మీకు తెలిసే ఉంటుంది. ఆమెకు చెప్పినా దారి చూపిస్తుంది. బొబ్బను మాత్రం చిదమకండి, శుభ్రంగా కడిగి పలుచటి గుడ్డ కట్టండి. ఈ వారంలోనే తీసుకెళ్లండి.

ఇక మీ అసలు ప్రశ్న, ఫోన్‌లో చూసే వైద్యం పనిచేస్తుందా అని. పనిచేస్తుంది, కానీ అన్నిటికీ ఒకేలా పనిచేయదు. చర్మం జబ్బులకు ఒక సౌకర్యం ఉంది. గుండె, కాలేయం లోపల ఉంటాయి, చర్మం బయటే కనిపిస్తుంది. అందుకే దూరం నుంచి చూసే వైద్యంలో చర్మ వైద్యం ముందు వరసలో ఉంటుంది. 2010లో అమెరికాలో మొటిమల పేషెంట్ల మీద ఒక అధ్యయనం వచ్చింది. కొందరు ఎప్పటిలా క్లినిక్‌కు వెళ్లారు, కొందరు ఇంటినుంచే ఫొటోలు పంపారు. చివరికి మొటిమలు తగ్గడంలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2018లో సోరియాసిస్, అంటే చర్మం మీద పొలుసులు లేచే జబ్బు ఉన్న 296 మందితో మరొకటి చేశారు, ఏడాదిపాటు. అందులోనూ ఆన్‌లైన్‌లో చూపించుకున్నవాళ్లు క్లినిక్‌కు వెళ్లినవాళ్లతో సమానంగానే బాగుపడ్డారు.

ఈ లెక్కలు ప్రకటనల్లో కూడా వాడుకుంటారు కాబట్టి ఒకమాట. ఆ రెండింటిలోనూ ఉన్నవాళ్లకు తమ జబ్బేమిటో ముందే తెలుసు. మొటిమలని, సోరియాసిస్ అని అప్పటికే తేలినవాళ్లు వాళ్లు. జబ్బు పేరు తెలిశాక మందు పనిచేస్తోందా, మోతాదు మార్చాలా అని చూడటానికి ఫోన్ బ్రహ్మాండంగా సరిపోతుంది. పేరు పెట్టే పని దగ్గరే ఫోన్ తడబడుతుంది. నేను పేషెంట్లను ఫోన్‌లోనూ నేరుగానూ చూస్తాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

నా తప్పే ఒకటి చెబుతాను. హాస్టల్లో ఉండే పిల్లాడు, తొమ్మిదో తరగతి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాళ్లమ్మ వీడియోలో చూపించింది. చేతుల మీద, పొట్ట మీద గోకిన గీతలు, ఎర్రటి చిన్న చిన్న పొక్కులు. రాత్రిపూట దురదండీ అంది. నెట్ ఆగుతూ సాగుతూ ఉంది, బయట ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు. అలర్జీ అనుకుని దురద గోలీలు, లోషన్ రాశాను. పది రోజులకు తల్లీకొడుకూ నేరుగా వచ్చారు. వాడి చెయ్యి తిప్పి వేళ్ల సందుల్లో చూస్తే సన్నటి బూడిదరంగు గీత, వంకరటింకరగా, గోరు మీది తెల్లచుక్క అంత పొడవు. గజ్జి పురుగు చర్మంలో తవ్వుకున్న సొరంగం అది. తలెత్తి చూస్తే ఎదురుగా వాళ్లమ్మ కూడా వేళ్ల సందులు గోక్కుంటోంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని వీడియోలో నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ గీత కనపడకపోయినా సగం పట్టుకునేవాణ్ని. మెడ నుంచి పాదాల దాకా పెర్మెత్రిన్ క్రీమ్, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి, వారం తర్వాత మళ్లీ ఒకసారి. తగ్గింది. ఈ పది రోజుల్లో ఎంతమందికి అంటిందో మాత్రం నాకు తెలియదు.

ఆ తప్పులో సగం ఫోన్‌ది, సగం నాది. అప్పటినుంచి వీడియోలో దురద అన్న మాట వినగానే ఇంట్లో ఎంతమంది, ఎవరెవరు గోక్కుంటున్నారు అని అడగనిదే ముందుకు పోను. మీరు చూపించుకునే డాక్టరు ఆ ప్రశ్న అడగకపోతే మీరే చెప్పండి.

ఇప్పుడు బిడ్డ సంగతి. మీరు క్రీమ్ పేరు రాయలేదు, అయినా మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అందులో స్టెరాయిడ్ ఉందని దాదాపు అర్థమవుతోంది. మొదట్లో నిగనిగ, తర్వాత మానేస్తే మంట, ఎరుపు, పొక్కులు, ఎండ పడకపోవడం. ఇలాంటి ముఖాలు వారానికి నాలుగైదు చూస్తుంటాను. నల్గొండలో చూశాను, మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లలో చూశాను, పాలమూరు నుంచి వచ్చినవాళ్లలోనూ చూశాను. పెళ్లిళ్ల సీజన్ ముందు ఇంకా ఎక్కువ.

ఆ ట్యూబు తెచ్చి వెనకవైపు సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, వీటిలో ఏ ఒక్క పేరున్నా అది స్టెరాయిడే. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్ మూడూ కలిపిన క్రీమ్ ఒకటి బాగా తిరుగుతోంది. మంగు మచ్చలకు డాక్టరు చూస్తూ కొన్ని వారాలు వాడించే మందు అది. మన దగ్గర దాన్ని తెల్లబడే క్రీమ్‌లా నెలల తరబడి రాస్తున్నారు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అడగ్గానే ఇచ్చేస్తున్నారు. షాపతన్ని తిట్టి లాభం లేదు, అడిగినవాళ్లలో మనమూ ఉన్నాం.

విచిత్రం ఏమిటంటే, ఈ సమస్యకు మాత్రం వీడియో బాగా సరిపోతుంది. ఎందుకంటే ఇక్కడ జబ్బు పేరు ముఖం మీద కంటే ఎక్కువగా ట్యూబు మీద ఉంటుంది. ఏం రాసింది, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని నెలలు, మానేస్తే ఎన్నో రోజున మంట మొదలైంది. ఇవి చెబితే డాక్టరుకు ముప్పావు విషయం తెలిసిపోతుంది. అదీగాక ఈ అమ్మాయికి కావలసింది ఒక్కరోజు చూసి పంపేయడం కాదు. క్రీమ్ మానేశాక రెండు మూడు వారాలు ముఖం ఇంకా ఎక్కువ ఎర్రబడుతుంది, పొక్కులు వస్తాయి. అద్దంలో చూసుకుని ఏడ్చి, మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటారు చాలామంది. ఆ రోజుల్లో వారానికోసారి ఫోన్‌లో చూసి ‘ఇది వచ్చేదే, తగ్గుతుంది’ అని చెప్పే డాక్టరు దొరికితే సగం పని అయినట్టే. నాలుగుసార్లు పట్నం తిరగడం అయ్యే పనేనా? కొందరికి ఒకేసారి మాన్పిస్తాం, కొందరికి తక్కువ బలం ఉన్నదానికి మార్చి నెమ్మదిగా దింపుతాం. ఎలా మానాలో డాక్టరునే తేల్చనివ్వండి. ఈలోపు నిమ్మరసం, టూత్‌పేస్ట్, శనగపిండి, పసుపు ఏదీ రుద్దొద్దు. చల్లటి నీళ్లతో కడగడం, వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, ఎండలోకి పోతే చున్నీ. ఇప్పటికి అంతే.

ఇంకో లాభం కూడా ఉంది, ఇది పెద్దగా ఎవరూ చెప్పరు. క్లినిక్‌లో పక్కన అమ్మ, వెనకాల నాన్న, తలుపు దగ్గర తర్వాతి పేషెంటు. ఆ గదిలో పందొమ్మిదేళ్ల పిల్ల నెలసరి సరిగ్గా వస్తోందా అని అడిగితే తల వంచుకుని ‘ఆఁ’ అంటుంది. ఫోన్‌లో తన గదిలో కూర్చుని అదే పిల్ల మూడు నెలలకోసారి వస్తోందని చెబుతుంది. మీరు కాల్ మొదట్లో కాసేపు ఉండి, తర్వాత బయటికి రండి. నెలసరి తప్పుతున్నా, గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తున్నా అప్పుడు మాత్రం నేరుగా చూపించి రక్తపరీక్షలు చేయించాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గోలీలు మొదలుపెట్టాలన్నా అంతే. గర్భిణులు వేసుకోకూడని మందు అది, పరీక్షలు లేకుండా ఫోన్‌లో రాసిస్తే వద్దనండి.

ఫొటో విషయంలో కాస్త ఓపిక పట్టండి, సగం తేడా అక్కడే వస్తుంది. నిజం చెప్పాలంటే వీడియో కంటే ముందుగా పంపిన ఫొటో మీదే నేను ఎక్కువ ఆధారపడతాను. వీడియోలో ముఖం కదులుతుంది, నెట్ ఆగుతుంది, అంతా మసకమసకగా కనిపిస్తుంది. పొద్దున తొమ్మిది పది గంటలప్పుడు గుమ్మం దగ్గర కూర్చోబెట్టండి, నేరుగా ఎండ పడకూడదు, ట్యూబులైటు కింద అసలే వద్దు. పౌడరు, కాటుక, పసుపు అన్నీ కడిగేయాలి. కెమెరా అద్దాన్ని కొంగుతో తుడవండి, వంటింట్లో తిరిగే ఫోన్ మీద నూనె ఉంటుంది. సెల్ఫీ కెమెరా వద్దు, వెనక కెమెరాతో మీరే తీయండి. ఎదురుగా ఒకటి, రెండు చెంపలూ చెరొకటి, పొక్కులున్న చోట దగ్గరగా ఒకటి. ఇప్పటి ఫోన్లు మనం అడగకుండానే ముఖాన్ని నున్నగా చేస్తాయి, ఆ బ్యూటీ మోడ్ ఆఫ్ చేయండి. ఒకసారి ఒకమ్మాయి పంపిన ఫొటో చూసి ‘నీకు మొటిమలే లేవు కదా’ అన్నాను. పాపం, ఏడుపొక్కటే తక్కువ. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే కుదించుకుపోతుంది.

మన చామనఛాయకు ఇంకో చిక్కుంది. తెల్లటి చర్మం మీద ఎరుపు ఎర్రగానే కనబడుతుంది. మన చర్మం మీద అదే ఎరుపు ఫొటోలో గోధుమ రంగులోనో ఊదా రంగులోనో పడుతుంది. డాక్టరు పాత నల్లమచ్చ అనుకునే ప్రమాదం ఉంది. అందుకని మంట ఉంటే మంట అని, ముట్టుకుంటే వేడిగా ఉంటే వేడిగా ఉందని నోటితో చెప్పాల్సిందే.

అన్నట్టు, మన నల్గొండ జిల్లావాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, మీ ఇంట్లోనూ ఎవరో అనే ఉంటారు. ఫ్లోరైడ్ నీళ్ల వల్లే ముఖం ఇలా అయిందా అని. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. మర్రిగూడ పక్క ఎంతమందిని చూశామో మీకూ తెలుసు. ముఖం మీది ఈ ఎరుపుకూ దానికీ సంబంధం లేదు.

మీ ఆయన తామర దగ్గరికి వద్దాం. కొత్తగా వచ్చిన తామర, గుండ్రంగా, అంచు ఎర్రగా పొలుసులతో ఉంటే ఫొటో చూసి కూడా చెప్పొచ్చు. ఏడాదిగా తగ్గుతూ వస్తూ ఉన్నదాన్ని అలా చెప్పలేం. ఆయన కూడా మెడికల్ షాపులో ట్యూబు కొని రాస్తూనే ఉంటారని నా అనుమానం, అడిగి చూడండి. క్లోబెటసాల్‌తో పాటు ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు అన్నీ ఒకే ట్యూబులో కలిపి అమ్ముతారు. రాయగానే రెండు రోజుల్లో దురద పోతుంది. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతూ ఉంటుంది. ఆ గుండ్రటి అంచు చెదిరిపోయి, తామర తామరలా కనబడదు. అప్పుడు ఫొటో చూసి ఒకరు ఎగ్జిమా అంటారు, ఇంకొకరు సోరియాసిస్ అంటారు.

నేరుగా వస్తే మేం చేసేది చిన్న పని. మొద్దుబారిన బ్లేడుతో మచ్చ అంచును గీరితే తెల్లటి పొట్టు పిండిలా గాజు పలక మీద రాలుతుంది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కాసేపు ఆగితే చర్మం పొట్టు కరిగి, ఫంగస్ పోగులు మిగులుతాయి. మైక్రోస్కోపులో కొమ్మలు వేసిన దారాల్లా కనిపిస్తాయి. ఇక వాదనే ఉండదు. గోలీలు రాసేముందు ఆయనకు షుగర్ ఉందా, గుండె జబ్బుందా, కాలేయం ఎలా ఉంది, వేరే ఏ మందులు వాడుతున్నారు అన్నది చూడాలి. తగ్గినట్టు కనబడ్డాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి, మధ్యలో మానేయడం వల్లే సగం మందికి తిరగబెడుతుంది. తువ్వాలు వేరు, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. మీకుగాని పిల్లకుగాని ఉంటే అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి.

ఆయన విషయంలో వీడియో వద్దనడానికి ఇంకో కారణం, ఆ చోటు. తొడల సందుల ఫొటోలు తెలియని యాప్‌కు పంపితే అవి ఎవరి చేతిలో పడతాయో మన చేతిలో లేదు. మగవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. మీ బిడ్డకూ ఇదే మాట చెప్పండి. ముఖం వరకే ఫోన్, బట్టల చాటు ఏ జబ్బైనా గదిలోనే.

ఒకేసారి అందరం వీడియోలో అన్నారు, అది మాత్రం వద్దు. ఒక మనిషికి ఇచ్చే సమయంలో ముగ్గురు దూరితే ముగ్గురికీ అన్యాయమే. చీటీ కూడా ఎవరి పేరు మీద వాళ్లకు ఉండాలి.

డబ్బు కట్టేముందు ఒకటి రెండు చూసుకోండి. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. క్లోట్రిమజోల్ లాంటి చర్మం మందులు కూడా మొదటిసారి రాసేటప్పుడు వీడియోలో మనిషిని చూశాకే రాయాలి. చాట్‌లో ఫొటో పెట్టగానే చీటీ వచ్చిందంటే ఆ పద్ధతి సరైంది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములు తమంతట తాము సలహా చెప్పడం, మందు రాయడం కూడా ఆ నియమాలు ఒప్పుకోవు. డాక్టరు పేరు కింద ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి చర్మ వైద్యం డిగ్రీ ఉందా చూడండి. బ్యూటీ కోర్సు చేసినవాళ్లు కూడా తెల్లకోటు వేసుకుని యాప్‌ల్లో కూర్చుంటున్నారు. కాల్ చివర్లో వాళ్లే క్రీముల కిట్టు అమ్మబోతే ఫోన్ పెట్టేయండి. 400 కూడా ఎందుకనుకుంటే ఈ-సంజీవని అనే ఫోన్ వైద్యం ఉంది, ఉచితం, కేంద్ర ప్రభుత్వానిదే. ఫోన్‌లో మీరే చేసుకోవచ్చు, పల్లె దవాఖానలో అడిగినా కలుపుతారు.

వీడియో ఊసే ఎత్తకూడనివి కొన్ని ఉన్నాయి, చెప్పి వదిలేస్తాను. ఏదైనా గోలీ వేసుకున్నాక ఒంటి మీద దద్దు లేచి, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం ఊడటం. షుగర్ ఉన్నవాళ్లకు కాలు ఎర్రగా వాచి జ్వరం రావడం. పుట్టుమచ్చ ఉన్నట్టుండి పెరగడం, రక్తం కారడం. పసిపిల్లలకు జ్వరంతో పొక్కులు. ఇవి నేరుగా, అదేరోజు.

పట్నం దాకా ఎందుకు పోవాలో నాకు అర్థం కాలేదు. నల్గొండ మీకు 60 కిలోమీటర్ల దరిదాపు. 2019 నుంచి అక్కడ సర్కారు మెడికల్ కాలేజీ ఉంది, దాని దవాఖానలో చర్మం ఓపీ ఉంటుంది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి మీకూ అత్తమ్మకూ టికెట్ డబ్బులు లేవు, మీ ఆయనకు ఒక్కరికే చార్జీ. పోయేది ఒకరోజు పని, అది తప్పదు. పొద్దున మొదటి బస్సుకు పోతే మధ్యాహ్నానికి బయటపడతారు. అత్తమ్మనూ మీ ఆయననూ ఒకేరోజు తీసుకుపోండి, ఇద్దరికీ వేర్వేరు ఓపీ చీటీలు తీయండి. ఆయన ఆ రోజు పొద్దున తామర మీద ఏ క్రీమూ రాసుకోకుండా రావాలి. రాసుకుంటే గీరిన పొట్టులో ఏమీ సరిగ్గా కనబడదు. వీలైతే వారం ముందునుంచే ఆపేస్తే ఇంకా మంచిది.

బిడ్డకు ఆ రోజు కాలేజీ మాన్పించొద్దు. సాయంత్రం ఇంటికొచ్చాక వీడియో పెట్టుకోండి. ఆ ట్యూబు అయిపోవచ్చిందని పారేయకండి. అడుగున నొక్కేసిన అంచు విప్పి, పేర్లు కనబడేలా రెండువైపులా ఫొటో తీసి ముఖం ఫొటోలతో పాటు ముందే పంపండి. అత్తమ్మ చీటీ మీద ఏం రాశారో వీలుంటే నాకు ఒక ముక్క రాయండి.